జేబు గేమ్స్ ఆఖరి బ్యాచ్

ఉదయం పదిన్నరకి మూడో వ్యాను వచ్చింది.

మొదటి రెండు వ్యాన్ల సరుకే ఇంకా మెట్ల కింద గోతాల్లో పడి ఉంది. వ్యాను మనిషి కొత్త గోతాం మూతి విప్పి తలకిందులు చేశాడు. క్యాసెట్లు గలగలమంటూ నేల మీద పడి నా కాళ్ళ దాకా జారాయి. అన్నిటి మీదా ఒకటే బొమ్మ, పొగ కక్కుతూ వంతెన ఎక్కుతున్న గూడ్స్ బండి. కొన్నిటికి రబ్బరు బ్యాండుతో చీటీలు కట్టి ఉన్నాయి.

"లోడ్ కాలేదు."

"పదకొండు సార్లు ప్రయత్నించాం. లోడ్ కాలేదు."

"మా వాడు మూడు వారాల చేతిఖర్చు దాచుకుని కొన్నాడు. నిన్న సాయంత్రమంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏడ్చాడు. మీరు మనుషులేనా?"

ఆ చీటీని రెండోసారి చదవలేకపోయాను.

"ఇంకా ఉన్నాయా?" అని అడిగాను.

"గోడౌన్లో ఇంకో రెండు వ్యాన్ల సరుకుందండీ," అన్నాడు వ్యాను మనిషి. "ఇక్కడ చోటు లేదంటారా, చెప్పండి, రోడ్డు మీద పోసేస్తా. నాదేం పోయింది?"

పై అంతస్తులో ఫోను మోగుతూనే ఉంది. పరుగెత్తుకెళ్ళి ఎత్తాను. ఏజెంటు. పెట్రోలు బంకుల్లో, పేపర్ల కొట్లలో, మందుల షాపుల్లో మా క్యాసెట్లు వేలాడే రాక్‌లన్నీ ఆయనవే. ఆయన లేకపోతే మాకు అమ్ముకునే చోటే లేదు.

"నాలుగింటికి వస్తున్నాను," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే భయపెట్టింది. "ఇది ఎవరివల్ల జరిగిందో నాకు పేరు కావాలి. ఆ మనిషి మీ దగ్గర ఇక ఉండడని కాగితం మీద కావాలి. దాన్ని నా షాపులన్నిటికీ పంపుతాను. అది లేకపోతే రేపు పొద్దున్నే రాక్‌ల మీంచి మీ సరుకు మొత్తం దించేస్తాను. మిషన్ పాడైంది, కరెంటు పోయింది, అలాంటి కబుర్లు వద్దు. పేరు."

ఫోను పెట్టేసి గడియారం చూశాను. పదకొండు.

బయటివాళ్ళు మమ్మల్ని చిల్లర కంపెనీ అనేవాళ్ళు. అసలు పేరు జేబు గేమ్స్. ఏడేళ్ళ కిందట అన్నయ్యకి టేప్ రికార్డర్లు బాగుచేసే చిన్న కొట్టుండేది. ఇళ్ళల్లోకి అప్పుడప్పుడే కంప్యూటర్లు వస్తున్న రోజులు. టీవీకి తగిలించుకునే చిన్న పెట్టె, దానికో టేప్ రికార్డరు. ఆటలు క్యాసెట్ల మీద వచ్చేవి. అవి అద్దాల బీరువాల్లో, తాళం వేసి ఉండేవి. ఒక్కోటి కొనాలంటే తండ్రి రెండు రోజుల కూలి. సినిమా టికెట్టు ధరకే ఆట ఎందుకు అమ్మకూడదు అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. మా బావ, అంటే మా అక్క మొగుడు, అప్పట్లో కొట్లకి బిస్కెట్లు వేసేవాడు. ఆయన ఒక పెట్రోలు బంకులో చలవ కళ్ళద్దాల పక్కన ఇరవై క్యాసెట్లు వేలాడదీసి వచ్చాడు. రెండో రోజుకి ఒక్కటీ మిగల్లేదు.

ఆ తర్వాత ఆగలేదు. మా ఆటలు రాసినవాళ్ళంతా నర్సులు, గుమాస్తాలు, లైబ్రరీలో పుస్తకాలు సర్దేవాళ్ళు. పత్రికలు మా ఆటలకి పదికి మూడు మార్కులు మించి ఎప్పుడూ వెయ్యలేదు. అన్నయ్య వాటిని కత్తిరించి గోడకి అంటించుకునేవాడు. "మార్కులు తక్కువే. కానీ మన టేపు పెట్టగానే ఆడుతుంది. పెద్ద కంపెనీల ఖరీదైన టేపు నాలుగుసార్లు తిప్పి తిప్పి పెట్టాలి. పిల్లలకి ఏది కావాలి?" అనేవాడు. ప్రతి పెట్టె వెనకా ఒకే వాక్యం అచ్చయ్యేది: ఈ టేపు మొదటిసారికే లోడ్ అవుతుంది. ఆ వాక్యం నేనే రాశాను. దాన్ని నిజం చేసింది మాత్రం అన్నయ్య చెవి.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. టేప్ రికార్డరులో టేపుని చదివే హెడ్ పక్కన ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే చాలు, శబ్దం మసకబారుతుంది, ఆట లోడ్ కాదు. రోజూ పొద్దున్నే అన్నయ్య ముందు నా టేబుల్ మీదున్న రికార్డరు దగ్గరికి వచ్చేవాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సన్నగా ఈల వేసినట్టుండే ఒక పాత టేపు వింటూ ఆ స్క్రూ తిప్పేవాడు. ఈల పదునెక్కినచోట ఆపి, స్క్రూ కదలకుండా మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టేవాడు. తర్వాత వెళ్ళి ఒక కప్పు కాఫీ తాగి వచ్చేవాడు. అప్పుడు నా రికార్డరుతో ఒక టేపు తయారుచేసి, కాపీ రూములో ఉన్న ఇరవై నాలుగు మిషన్లనీ దాన్నిబట్టి సరిచేసేవాడు. ఆ ఇరవై నాలుగింటికీ చెవి అక్కర్లేదు, మీటరు ముల్లు చూస్తే చాలు. అసలు సంగతి నా టేబుల్ మీదున్నదే. ఆ స్క్రూ ఇంకెవరూ ముట్టుకోకూడదు. మా ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క చట్టం అది.

గూడ్స్ బండి మా రెండువందల పదమూడో ఆట. రెండువందల పద్నాలుగోది లేదు.

పన్నెండింటికి ఆ ఆట రాసిన డ్రైవర్ గారు వచ్చారు. సిటీ బస్సు నడుపుతారు. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య డిపోలో కూర్చుని కాగితాల మీద రాసి, ఇంటికెళ్ళి కంప్యూటర్లో కొట్టేవారు. రెండేళ్ళు పట్టింది. యూనిఫాంలోనే వచ్చారు, చేతిలో గుడ్డసంచి.

బావ మెట్ల మీదే పట్టుకున్నాడు. "రండి సార్ రండి. మీ గూడ్స్ బండి పట్టాలు తప్పింది, చూశారా?"

"నా బండి బానే ఉంది. మీ పట్టాలే చూసుకోండి."

"ముప్పై వేల మంది ఇళ్ళల్లో ఆగిపోయిన బండి బానే ఉందంటారా?"

"బావా, కాసేపు ఆగండి," అన్నాను.

"ఏంటి మరదలా ఆగేది? నాలుగింటికి ఆయన వచ్చి పేరు అడుగుతాడు. నీ పేరు రాయనా, నా పేరు రాయనా? రాసిన మనిషి తప్పు చేశాడంటే అక్కడితో అయిపోతుంది. ఈయన మన ఉద్యోగి కూడా కాదు. ఎవరికీ ఏం నష్టం లేదు!"

"నాకు నష్టం," అన్నారు డ్రైవర్ గారు నెమ్మదిగా. సంచిలోంచి తన సొంత రికార్డరు తీసి నా టేబుల్ మీద పెట్టారు.

తిరిగొచ్చిన క్యాసెట్లలోంచి ఒకటి తీసి ముందు మా రికార్డరులో పెట్టాం. కీచు శబ్దం, తెర అంచున రంగుల చారలు. అయిదు నిమిషాలకి గూడ్స్ బండి కూత పెట్టుకుంటూ వచ్చేసింది. గత నాలుగు రోజులుగా జరుగుతున్నది ఇదే. ఏ టేపు తిరిగొచ్చినా మా దగ్గర బ్రహ్మాండంగా ఆడేది. అందుకే మొదట్లో కొన్నవాళ్ళనే అనుమానించాం.

అదే క్యాసెట్టుని ఆయన రికార్డరులో పెట్టాం. రెండు నిమిషాలు నడిచి ఆగిపోయింది. తెర మీద తప్పు అని చూపించింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ తప్పే.

"అంటే మీ డబ్బా పాడైంది," అన్నాడు బావ.

"అయుండొచ్చు," అన్నారు డ్రైవర్ గారు. "కిందటేడు మీరు అమ్మిన ఆట ఒకటి ఇవ్వండి."

ఇచ్చాను. ఆయన రికార్డరులో మొదటిసారికే ఆడింది. మా రికార్డరులో పెట్టాను.

ఆడలేదు.

వీధి చివర ఎలక్ట్రిక్ షాపుకి నేనే పరుగెత్తి, పెట్టె కూడా విప్పని కొత్త రికార్డరు అడిగి తెచ్చాను. పాత ఆటలు అన్నీ అందులో ఆడాయి. గూడ్స్ బండి ఒక్కటే ఆడలేదు. ఊళ్ళో రికార్డర్లన్నీ ఒక దారిలో ఉన్నాయి, మావి మాత్రం ఇంకో దారిలో ఉన్నాయి. నా టేబుల్ మీదున్నది తప్పింది. దాన్ని చూసి ఇరవై నాలుగూ తప్పాయి. తప్పిన మిషన్లతో చేసిన టేపుని మళ్ళీ తప్పిన మిషన్లోనే పెట్టి పరీక్షించాం. ఇంట్లో గడియారాలన్నీ ఒకేలా గంట వెనక నడుస్తుంటే, ఆలస్యమైందని ఎవరికి తెలుస్తుంది?

"ప్రోగ్రాం తప్పు కాదు," అన్నాను. "స్క్రూ."

డ్రైవర్ గారు ఏమీ గెలిచినట్టు చూడలేదు. రికార్డరు సంచిలో పెట్టుకుని, "మధ్యాహ్నం ట్రిప్పుంది," అని వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర గోతాంలోంచి జారిన ఒక క్యాసెట్టుని తొక్కకుండా దాటి వెళ్ళారు.

బావ అప్పటికే కాపీ రూమువైపు నడుస్తున్నాడు.

కాపీ రూము రీలక్కది. వయసు యాభై ఆరు. పూర్వం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పాతికేళ్ళు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. ఆరేళ్ళ కిందట మా దగ్గరికి వచ్చింది. మిషన్లు ఎక్కించడం, దించడం, లెక్క చూసి పెట్టెల్లో సర్దించడం అంతా ఆమెదే. కూతురి పురుడికని సెలవు మీద వెళ్ళి, నెల రోజులకి నిన్ననే తిరిగొచ్చింది. వచ్చేసరికి మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. పొద్దున్నించీ ఖాళీ రూములో స్టూలు మీద కూర్చుని ఉంది.

"స్క్రూలు ఎవరు ముట్టుకున్నారక్కా?" అన్నాడు బావ.

ఆమె చూపు తన సొరుగు మీదికి వెళ్ళింది.

బావ ఆమె సొరుగు లాగాడు. సూది దారం, కళ్ళజోడు పెట్టె, పాపాయి ఫోటో ఒకటి. వాటి కింద చిన్న జిప్పు సంచి. అందులో సన్నటి స్క్రూడ్రైవరు, సగం వాడిన ఎర్ర నెయిల్ పాలిష్ సీసా.

ఆమె గోళ్ళకి ఎప్పుడూ రంగు వేసుకోలేదు. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

"దొరికింది!" బావ సీసాని ఎత్తి పట్టుకున్నాడు. "మరదలా, చూశావా? దొంగ ఇంట్లోనే ఉంది. ఏమ్మా, రోజూ తిప్పేదానివా?"

"తిప్పేదాన్ని," అంది రీలక్క.

"ఎందుకు?"

జవాబు కోసం ఆగకుండా బావ సంచితో సహా పైకి వెళ్ళిపోయాడు. కాసేపటికి టైపు మిషన్ టకటకలు వినిపించాయి. కాగితం తయారవుతోంది. నిర్లక్ష్యంగా యంత్రాలను చెడగొట్టినందువల్ల తొలగించడమైనది. ఆ కాగితం పదకొండువందల షాపులకి వెళుతుంది. ఈ వ్యాపారంలో ఆమెని ఇక ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

నేను స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"రీలక్కా, ఎప్పట్నించి తిప్పుతున్నావ్?"

"ఏడాదిన్నర."

"ఆ ఏడాదిన్నరలో ఒక్క టేపూ తిరిగి రాలేదు. నువ్వు మూడో తారీఖున వెళ్ళావు. గూడ్స్ బండి కాపీ అయిదున మొదలైంది. నువ్వు లేనప్పుడు చేసినవే చెడిపోయాయి. నువ్వు చెడగొట్టేదానివైతే అప్పుడే బాగుండాలి కదా?"

"లెక్కలు బాగా వచ్చు నీకు," అని నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"నువ్వు చెడగొట్టలేదు. సరిచేసేదానివి. అన్నయ్య కాఫీకి వెళ్ళినప్పుడు."

ఆమె లేచి తలుపు దగ్గరికి వేసింది. మళ్ళీ వచ్చి కూర్చుంది.

"నీ బల్ల తుడుస్తానని గుడ్డ పట్టుకుని వచ్చేదాన్ని చూడు, అప్పుడు. ఒక్క నిమిషం పని. నీ కంట్లో కూడా పడలేదు, అంత గొప్పగా చేశాను."

"అసలెందుకు చేయాల్సొచ్చింది?"

"ఆ మూల మిషన్ ఉంది చూడు, ఏడో నంబరు. ఒకరోజు దాని బేరింగు పోయి కీచుమని ఒకటే గోల. నాకు పళ్ళు జివ్వుమంటున్నాయి. సారు వచ్చి దాని పక్కనే నించుని, 'ఎంత నిశ్శబ్దంగా నడుస్తోందో చూశావా అక్కా' అన్నారు."

నేను మూలనున్న ఏడో నంబరు మిషన్ వైపు చూశాను.

"మాటలు వినిపిస్తాయి. గట్టిగా అంటే. నెమ్మదిగా అంటే నోటి వైపు చూస్తారు. సన్నటి శబ్దాలు మాత్రం పూర్తిగా పోయాయి అమ్మాయ్. ఆ ఈల టేపు ఆయనకి వినపడదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎప్పుడో విన్నదాన్ని గుర్తు చేసుకుంటూ తిప్పుతారు."

"ఆయనకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది. ఒప్పుకోలేదు, అంతే. ఎలా ఒప్పుకుంటారు? ఈ కంపెనీలో ఆయనది అన్నది అదొక్కటేగా."

"నువ్వు వెళ్ళేముందు నాతో అయినా చెప్పాల్సింది."

"చెప్దామనే అనుకున్నా. ఒక వారంలో తిరిగొచ్చేద్దామనుకున్నాను. పిల్లకి ఆపరేషన్ అయింది, ఉండిపోయాను." ఆమె చేతులు ఒళ్ళో ముడుచుకుంది. "నువ్వేం మాట్లాడకు. నాకింకో నాలుగేళ్ళ పని, అంతేగా. ఎక్కడో చోట అంట్లు తోముకున్నా గడుస్తుంది. నా పేరు రాస్తే రాక్‌లు ఉంటాయి, కంపెనీ ఉంటుంది. ఆయన పేరు చెబితే ఏముంటుంది? నా మీద ఒట్టే."

"ఒట్లు పెట్టకు," అన్నాను.

నమ్మలేదు నేను. నమ్మదలచుకోలేదు. తోబుట్టువుని, ఇన్నేళ్ళుగా ఒకే ఆఫీసులో పక్కపక్కనే ఉన్నదాన్ని, నాకు తెలియకపోవడం ఏంటి? కానీ మెట్లెక్కుతుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఫోనులో ఆడవాళ్ళు మాట్లాడితే "చెల్లాయ్, నువ్వు చూడు" అని నాకిచ్చెయ్యడం. మా అక్క కూతురు పాట పాడితే, అందరికంటే ముందు చప్పట్లు కొట్టి, పాట అవకముందే కొట్టి, నాలిక కరుచుకోవడం. మేం నవ్వాం కూడా. పెద్దవాడివయ్యావురా అని మా అక్క ఎగతాళి చేసింది.

అన్నయ్య తన గదిలో గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. తిరిగొచ్చిన ఒక క్యాసెట్టుని విప్పి టేపుని వేలితో తడుముతున్నాడు. గోడ నిండా పదికి మూడు మార్కులు.

ఈల టేపు నా చేతిలో ఉంది. షాపు నుంచి తెచ్చిన కొత్త రికార్డరుని గుమ్మం పక్క బీరువా మీద పెట్టి, టేపు వేసి, శబ్దం పూర్తిగా పెంచాను.

గదికి చిల్లులు పడేట్టు ఈల. అటు పక్క గదిలో టైపు మిషన్ ఆగింది. "ఏంటా గోల!" అని బావ అరిచాడు. నా చెవుల్లో సూదులు గుచ్చుకుంటున్నాయి.

అన్నయ్య టేపుని తడుముతూనే ఉన్నాడు. నెమ్మదిగా, ప్రేమగా. తల కూడా తిప్పలేదు.

టేపు ఆపేశాను. అతని మెడ మీద జుట్టు పూర్తిగా తెల్లబడిందని ఆరోజే చూశాను. నా నీడ బల్ల మీద పడ్డాక తిరిగి చూశాడు.

"వచ్చావా? టేపు మంచిదే చెల్లాయ్. తేడా ఎక్కడొచ్చిందో అంతుపట్టట్లేదు." అతని కళ్ళు నా పెదవుల మీద ఉన్నాయి. "ఏం మాట్లాడవేం?"

"ఏం లేదన్నయ్యా," అన్నాను.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇద్దరమే ఉన్నప్పుడు, తలుపు వేసి. చెప్పలేకపోయాను. ఇంకా గంట టైముంది కదా, ఏదో ఒక దారి దొరుకుతుందిలే అనుకున్నాను. ఆ గంట అంతా గోతాల మధ్య కూర్చుని చీటీలు విప్పడంతోనే గడిపేశాను.

నాలుగింటికి ఏజెంటు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తడి గొడుగుతో. కుర్చీ చూపిస్తే, "నించుంటాను," అన్నాడు. బావ టైపు చేసిన కాగితాన్ని, దాని పక్కన స్క్రూడ్రైవరునీ, ఎర్ర సీసానీ బల్ల మీద వరసగా పెట్టాడు. రీలక్క గోడకి ఆనుకుని నిలబడింది. అన్నయ్య బల్ల వెనక, నేను పక్కన.

"మాకు తెలీకుండా రోజూ స్క్రూ తిప్పింది సార్," అన్నాడు బావ. "తిప్పి తిప్పి మరలు అరగ్గొట్టేసింది. అరిగిన స్క్రూ నిలుస్తుందా? ఎంత బాగా పెట్టినా గంటకల్లా జారిపోతుంది. అందుకే ఆమె సెలవులో ఉన్నా టేపులు చెడిపోయాయి. ఆమే ఒప్పుకుంది కూడా."

ఎంత చక్కగా అతికింది! వింటుంటే నాకే నిజమనిపించింది. అన్నయ్య ముఖంలో అలసటతో పాటు ఇంకోటి కూడా కనిపించింది. ఊరట. స్క్రూ జారింది. అంతే. తన చెవికి ఏం కాలేదు.

వెంటనే ఆ ఊరట మీద సిగ్గుపడ్డట్టు అన్నయ్య రీలక్క వైపు తిరిగాడు.

"అక్కా," అన్నాడు. "ఆరేళ్ళు. ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు నువ్వు. నువ్వు కాదని ఒక్క మాట చెప్పు. ఈ కాగితం ఇప్పుడే చించేస్తాను. రాక్‌లు పోతే పోతాయి."

రీలక్క నా వైపు చూడలేదు. బాగా వినిపించేట్టు, ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "ముట్టుకున్నది నేనే సారూ."

"నా చేత్తో పెట్టిన స్క్రూ..."

"అవును సారూ."

అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు తుడిచాడో కళ్ళు తుడుచుకున్నాడో నేను చూడలేదు. బావ పెన్ను మూత తీసి అందించాడు. ఏజెంటు గొడుగు నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నాయి. పెన్ను కాగితం మీదికి వంగింది.

"ఆమె కాదు," అన్నాను.

బావ నా చెయ్యి నొక్కాడు. "మరదలా, ఊరుకో."

"ఆమె తిప్పబట్టే ఏడాదిన్నరగా మన టేపులు ఆడాయి. ఆమె లేని నెలలో ఆగిపోయాయి. స్క్రూ మరలు అరగలేదు. కింద ఉంది, మీరే వెళ్ళి చూడండి. కొత్తదానిలా ఉంది."

"అమ్మాయ్, ఒద్దు," అంది రీలక్క.

ఏజెంటు మొదటిసారి నా వైపు పూర్తిగా తిరిగాడు. "మరి ఎవరు? నేను పొద్దుటే చెప్పాను. నాకు పేరు కావాలి."

రాక్‌లు కళ్ళ ముందు ఖాళీ అవుతున్నాయి. పెట్రోలు బంకులో చలవ కళ్ళద్దాల పక్కన, ఏడేళ్ళ కిందట మొదటిసారి ఇరవై క్యాసెట్లు వేలాడిన చోట కొక్కేలు మాత్రమే మిగిలాయి. గోడ పక్కన యాభై ఆరేళ్ళ మనిషి ఒకతె, చెయ్యని తప్పుకి తల వంచుకుని నిలబడి ఉంది.

నేనూ తల వంచుకున్నాను.

"అన్నయ్య," అన్నాను.

బావ చెయ్యి నా చేతి మీంచి జారిపోయింది. రీలక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏజెంటు మెల్లగా అన్నయ్య వైపు చూశాడు.

గదిలో అందరూ విన్నారు. అన్నయ్య ఒక్కడే వినలేదు. పెన్ను అలాగే పట్టుకుని, అందరి ముఖాలూ ఒకసారి చూసి, నాకేసి చిన్నగా నవ్వాడు. చిన్నప్పుడు నేను ఏదో పగలగొట్టి వచ్చినప్పుడు నవ్వే నవ్వు.

"అలా తల వంచుకుని గొణిగితే ఎలా చెల్లాయ్?" అన్నాడు. "ఎవరో గట్టిగా చెప్పు. భయపడకు, నేనున్నానుగా."

తల ఎత్తాను. పెదవులు అతనికి కనిపించేట్టు నిలబడ్డాను.

"నువ్వే అన్నయ్యా," అని అరిచాను. "నీ చెవి పోయింది. ఆ ముప్పై వేల టేపులూ చెడగొట్టింది నువ్వే."